కోట నీళ్లు

యూనివర్సిటీ వెనక గేటు దాటి, సైకిల్ స్టాండు పక్కనుంచి కాస్త నడిస్తే ఎదురుగా కోట నిలబడి ఉంటుంది. మధ్యలో గుండ్రటి పెద్ద బురుజు, చుట్టూ నాలుగు చిన్న బురుజులు, నెత్తిన రంపపు పళ్లలాంటి పిట్టగోడ, గోడల్లో బాణాలు వేయడానికి పెట్టినట్టు సన్నటి కంతలు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి నోరు తెరుస్తారు. పాతవాళ్లు ఆ తెరిచిన నోట్లో కథలు పోస్తారు. ఒక రాణి పైనుంచి దూకిందని, ఆవిడ సాయంత్రం పూట ఏడుస్తుందని, ఆ ఏడుపు విన్నవాడు పరీక్ష తప్పుతాడని. పందెం కాసి తలుపు దాకా వెళ్లి, తాళాన్ని ముట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు.

అసలు సంగతి తెలిసినవాళ్లు నీటి విభాగంలో నలుగురైదుగురు. లోపల రాణీ లేదు, నిధీ లేదు. నీళ్లున్నాయి. అది నీళ్ల ట్యాంకు. యూనివర్సిటీ కట్టిన రోజుల్లో ఎవరో పెద్దమనిషి, ఇంత అందమైన భవనాల మధ్య మొండికాళ్ల మీద ట్యాంకు కనిపిస్తే బాగుండదని, దానికి రాజుగారి వేషం వేయించాడు. ఐదు హాస్టళ్లూ, క్యాంటీనూ, లైబ్రరీ కూలర్లూ, ఆటస్థలం కుళాయిలూ అన్నీ ఆ రాజుగారి పొట్టలోంచే తాగుతాయి.

ఆ కోట తాళంచెవి ఇరవై రెండేళ్లుగా ఒకే నడుముకి వేలాడుతోంది. వాల్వులు తిప్పే మనిషిది ఆ నడుము. క్యాంపసంతా ఆయన్ని కోట మావయ్య అంటారు. అందరికీ నోటి వరస. నీటి పరీక్షల ల్యాబులో ఆరు నెలల కిందట చేరిన కెమిస్టమ్మాయికి మాత్రం నిజం వరస; ఆమె తల్లికి స్వయానా తమ్ముడు.

వాళ్లింట్లో పదో తరగతి గడప దాటిన మొదటి మనిషి ఆ అమ్మాయి. దాటించింది మావయ్యే. "ఆడపిల్లకి అంత చదువెందుకురా, మనకి పేర్లు రాయడం వస్తే చాలదా?" అని అక్క అంటే, "నా కోడలు గాజు గొట్టాలతో పని చేస్తుందక్కా, రెంచీతో కాదు" అని ఆయన పట్టుబట్టాడు. సెలవురోజున తన పాత సైకిలు వెనక కూర్చోబెట్టుకుని కాలేజీ దరఖాస్తు ఇప్పించడానికి తీసుకెళ్లాడు. అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజు ఆయన చెప్పిన ముక్క ఒకటే. "నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకో తల్లీ. పెద్ద సీసా కొనిపెట్టాను." తనకీ ఎప్పుడూ భుజానికి అలాంటి సీసానే ఉండేది. ఎంత ప్రేమో అనుకుంది ఆమె.

ఆ శుక్రవారం పొద్దున ల్యాబ్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "ఏమ్మా, నేను అడ్మిషన్ల కమిటీలో ఇరుక్కుపోయాను. సోమవారం కొత్త పిల్లలు దిగుతున్నారు. నెల రిపోర్టు ఇవాళే హాస్టళ్ల ఆఫీసుకి వెళ్లాలి. నువ్వే సంతకం పెట్టెయ్. ఎప్పుడూ ఉండేదేగా, అంతా సున్నా."

"సరే సార్," అంది. మొదటి సంతకం. పెన్ను తీసి, కాగితం మీద పెట్టి, పద్ధతి ప్రకారం మొదటి వరస నుంచి చివరి దాకా చదివింది. సంతకం గీతకి సరిగ్గా పైన చిన్న అక్షరాల్లో ఉంది: నమూనాను మూలస్థానం వద్ద నేను స్వయంగా సేకరించినట్లు ధ్రువీకరిస్తున్నాను.

తను సేకరించలేదు. ఆరు నెలలుగా సీసా బల్ల మీదికి దానంతటదే వచ్చేది; తను పరీక్ష చేసేది. చేయని పని చేసినట్టు సంతకం పెట్టడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు. అందుకని కాగితం చేత పట్టుకునే లేచి అటెండరు దగ్గరికి వెళ్లింది.

అటెండరు జుట్టు నెరిసిన మనిషి. శుభ్రం విషయంలో మడికట్టుకున్నట్టుంటాడు. సీసాలు ఆవిరి కుక్కరులో అరగంట ఉడికించి, మూతలకి కాగితం చుట్టి, దారం కట్టి, పెళ్లికి బట్టలు సర్దినట్టు పెట్టెలో సర్దుతాడు. ఆమె వెళ్లేసరికి, స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి ల్యాబు సింకు కుళాయి మూతిని చుట్టూ కాలుస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"నమూనా పడుతున్నానమ్మా. కుళాయి మూతి కాల్చి, రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి, అప్పుడు సీసా పెట్టాలి. పెద్దసారు నేర్పిన పద్ధతి. ఒక్కనాడు తప్పలేదు నేను."

"ఇది సింకు కదా. కోట దగ్గర కదా పట్టాల్సింది?"

అటెండరు ఆమెని జాలిగా చూశాడు. "ఎక్కడ పట్టినా అవే నీళ్లు కదమ్మా! అక్కడినుంచి ఇక్కడికి పైపు ఒక్కటే. ఎండన పడి అంతదూరం వెళ్లడమెందుకని అప్పట్లోనే సార్ చెప్పారు."

ఆమె వంగి సింకు కింద చూసింది. గోడకి బిగించిన ఫిల్టరు, పక్కనే క్రిముల్ని చంపే నీలం రంగు దీపం. పరికరాలు పాడవకూడదని ల్యాబు వాళ్లు తమ కోసం పెట్టుకున్న ఫిల్టరు. దాంట్లోంచి వచ్చిన నీళ్లనే ఆమె ఆరు నెలలుగా పరీక్షిస్తోంది. క్రిములు సున్నా. క్లోరిన్ కూడా సున్నా. క్లోరిన్ చుక్క లేకుండా ట్యాంకు నీళ్లలో ఒక్క క్రిమీ ఎందుకు లేదని మొదటి ఏడు చదివే పిల్లకైనా అనుమానం రావాలి. తనకి రాలేదు. పైగా ఆ సున్నాలు గుండ్రంగా, అందంగా రాసింది. చేతిరాత బాగుందని ఇన్‌చార్జి మెచ్చుకున్నాడు కూడా.

ఆమె లేచి నిలబడింది.

"పెట్టె తీసుకోండి. కోటకి వెళ్దాం," అంది.

"ఇప్పుడా? ఈ ఎండలోనా? రాణీగారు కూడా ఈ వేళప్పుడు పడుకుంటుందమ్మా," అన్నాడు కానీ పెట్టె ఎత్తుకున్నాడు.

కోట ముందు నీడలో మావయ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన వెనక గోడకి తెల్ల పలక, దాని మీద నల్ల రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు: ట్యాంకు శుభ్రం చేసిన తేదీ. కింద పోయిన నెల తేదీ. మళ్లీ శుభ్రం చేయవలసిన తేదీ. ఈ నెల దాటాక ఇంకో రెండు నెలలకి ఒక తేదీ. ఒక తేదీ మీద ఇంకో తేదీ వేసి వేసి రంగు చపాతీ పిండంత మందాన పేరుకుని, అంచుల దగ్గర పెచ్చులు లేచింది.

"ఏంటి కోడలా, కోట చూడ్డానికొచ్చావా? టిక్కెట్టు కొన్నావా?"

"నమూనా పట్టాలి మావయ్యా. పైన ట్యాంకు కూడా చూస్తాను. తలుపు తియ్యి."

నవ్వు ఆయన మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్లు మాత్రం అందులోంచి తప్పుకున్నాయి. "పైకెందుకమ్మా? మెట్లు బాలేవు. లోపల పాము తిరుగుతోంది, మొన్నే చూశాను."

"పోయిన నెల కడిగావుగా?"

"కడిగాను."

"మెట్లెక్కకుండా ఎలా కడిగావు?"

"బావా," అన్నాడు అటెండరు పెట్టె దించుతూ. వాళ్లిద్దరూ ఇరవయ్యేళ్లుగా బావా అంటే బావా అనుకునే స్నేహితులు. "చదువుకున్నవాళ్లతో వాదనెందుకు? తలుపు తీసి పడెయ్. పాముకి కూడా పరీక్ష చేస్తారు."

మావయ్య తాళంచెవి తీశాడు. అది తాళంలో తిరగలేదు. రెండుసార్లు, మూడుసార్లు. చివరికి రెంచీ తెచ్చి బలంగా తిప్పితే, తాళం మూలిగి, ఎర్రటి తుప్పు పొడి ఆయన వేళ్ల మీద రాలింది. పోయిన నెల తెరిచిన తాళం అలా ఉండదని ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఆ వేళ్ల వంకే చూశారు.

"నా మోకాళ్లు పని చెయ్యవు. నేను రాను," అన్నాడు మావయ్య.

"నేను పెట్టె కాపలా కాస్తా," అన్నాడు అటెండరు.

ఆమె ఫోను దీపం వెలిగించుకుని ఒక్కతే లోపలికి అడుగు పెట్టింది.

ముందు వాసన తగిలింది. ఎంత ఘాటుగా ఉందంటే, ముక్కు కంటే ముందు కళ్లు పసిగట్టి నీళ్లు కార్చాయి. మూత తీసిన అమ్మోనియా సీసాలో తల పెట్టినట్టుంది. కింద మూలన బ్లీచింగ్ పౌడరు బస్తాలు ఒకదాని మీద ఒకటి. తెరవకుండానే చెమ్మకి గడ్డకట్టి, బండరాళ్లై, గోడలో కలిసిపోయాయి. గోడ వెంట చుట్లు తిరుగుతూ మెట్లు. మెట్లని అనుకోవాలి, అంతే. రాయి ఎక్కడా కనిపించలేదు. పావురాల రెట్ట మెట్టుకీ మెట్టుకీ మధ్య నిండిపోయి, పైకి వెళ్లే ఒక బూడిద రంగు జారుడుబండలా ఉంది. పైన ఎండి పెంకు కట్టింది. అడుగు వేస్తే ఆ పెంకు పెళుక్కున విరిగి, పాదం లోపలి మెత్తదనంలోకి దిగింది. వెచ్చగా ఉంది. అదే ఆమె భరించలేకపోయింది. చల్లగా ఉన్నా ఓర్చుకునేది.

గోడ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడా అదే. కంతల్లో గూళ్లు. పుల్లలూ, దారాలూ, ఎవరిదో తల దువ్వెన విరిగిన ముక్కా. పగిలిన గుడ్డులోంచి జారి ఎండిపోయిన పసుపుపచ్చ చార. ఒక గూటి అంచున ఈకలు రాని పిల్ల ఒకటి చచ్చి పడి ఉంది. ఉబ్బిన పొట్ట మాత్రం కదులుతోంది. దీపం దగ్గరికి పెడితే కదిలేది పొట్ట కాదు. ఆమె దీపం తిప్పేసింది.

"తల్లీ, దిగొచ్చెయ్!" అని కింద నుంచి మావయ్య అరిచాడు. ఆ అరుపు బురుజులో చుట్టు తిరుగుతూ పైకొచ్చేసరికి ఏడుపులా వినబడింది. రాణీగారి ఏడుపు ఇదే కాబోలు అనుకుంది.

చివరి మలుపులో గబ్బిలాలు. తల మీదుగా రెక్కల గాలి కొట్టి, జుట్టులో ఏదో చుక్క పడింది. తుడుచుకోలేదు. దేనితో తుడుచుకోవాలి? తన మీద శుభ్రమైన చోటు ఏదీ మిగల్లేదనిపించింది.

పైన ట్యాంకు. మనిషి దిగే కంతకి ఇనప మూత ఉండాలి, లేదు. దాని బదులు చిరిగిన రేకు ఒకటి, సగం మూసి సగం తెరిచి, చిరుగు చుట్టూ ఈకలు అంటుకుని ఉంది. ఆమె చెప్పు కొనతో రేకుని పక్కకి నెట్టి దీపం లోపలికి పట్టింది.

నీళ్ల మీద ఒక పొర. పాలు కాచి చల్లారబెడితే కట్టే మీగడలాంటి పొర. ముడతలు పడి, బూడిద రంగులో. దాంట్లో ఈకలు గుచ్చుకుని నిలబడ్డాయి. ఒక పావురం తేలుతోంది, రెక్కలు రెండూ చాపి, ఎవర్నో కౌగిలించుకోబోతున్నట్టు. దాని పక్కన ఇంకోటి. ఇది ఎప్పటిదో, ఈకల సంచీ మాత్రమే మిగిలింది. గోడ పక్కన మూడోది ఉందో లేక మొదటిదాని నీడో తెలియలేదు. పొర చీలిన చోట కింద నీళ్లు తేటగానే ఉన్నాయి. ఎంత తేటగా అంటే, అడుగున మెత్తటి నల్ల బురదా, అందులో సన్నటి తెల్లటి ఎముకలూ కనిపించాయి. గొట్టం మొదలయ్యే నోరు వాటి పక్కనే, తెరుచుకుని ఉంది.

పొద్దున తిన్నది గొంతు దాకా వచ్చింది. ఆమె ఫోను లేని చేత్తో నోరు మూసుకుంది. ఇక్కడ కక్కుకుంటే అదీ ఆ నీళ్లలోకే పోతుంది. హాస్టళ్లలో ప్రతి వానాకాలం పదిమందికైనా కామెర్లు వస్తాయి. వార్డెను మేడమ్ నోటీసు బోర్డు మీద ఏం రాయిస్తుందో ఆమెకి తెలుసు: బయటి తిండి తినవద్దు. క్యాంపస్ నీరు సురక్షితమైనదని ల్యాబు నివేదికలు తెలుపుతున్నాయి. ఆ నివేదికల్లో ఆఖరి ఆరూ తన చేతిరాతే.

ఎలా దిగిందో ఆమెకి తెలియదు. తలుపు దగ్గరికి వచ్చి వెలుతురులో కళ్లు చికిలించింది. కళ్లు సర్దుకున్నాక కనిపించింది.

కోట గోడకి మోకాలెత్తున ఉన్న నమూనా కుళాయి తిప్పి, అటెండరు ముందుకి వంగి, దోసిలి పట్టి తాగుతున్నాడు. ఎండన పడి వచ్చిన మనిషి. గుటకకీ గుటకకీ గొంతు ఎముక పైకీ కిందకీ కదులుతోంది. పక్కన రెండడుగుల దూరంలో మావయ్య నిలబడి ఉన్నాడు. భుజానికి ఇంటి సీసా. చూస్తున్నాడు. ఆపలేదు. మొహం తిప్పుకోలేదు. చాలాసార్లు చూసి అలవాటైపోయిన పనిని చూసినట్టు, స్నేహితుడి దాహం తీరేదాకా ఓపిగ్గా చూస్తున్నాడు.

"ఆపండి! ఉమ్మేయండి!" అని అరిచింది.

అటెండరు ఉలిక్కిపడి, పొలమారి దగ్గాడు. "ఏమైందమ్మా?"

"పైన పావురాలు కుళ్లుతున్నాయి. మీరు తాగుతున్నది ఆ నీళ్లే."

ఆయన ముందు నవ్వబోయాడు. తర్వాత ఆమె కాళ్ల వంక, జుట్టు వంక చూశాడు. తర్వాత స్నేహితుడి వంక చూశాడు. అప్పుడు గోడ పట్టుకుని కక్కడం మొదలుపెట్టాడు. అయ్యాక నోరు పుక్కిలించడానికి అలవాటు కొద్దీ చెయ్యి మళ్లీ ఆ కుళాయి మీదికే వెళ్లింది. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. మావయ్య తన సీసా మూత తీసి ఇవ్వబోయాడు.

"దూరంగా పెట్టు దాన్ని," అన్నాడు అటెండరు. బొంగురు గొంతుతో. "ఇరవయ్యేళ్ల నుంచి ఈ సీసా నీ భుజానికెందుకుందని నేనొక్కసారి అడగలేదు చూడు, నన్ననాలి."

"ఇరవయ్యేళ్లు కాదు బావా. నాలుగేళ్లే."

అంటే లెక్క ఆయనకి తెలుసు. ఆమె గోడకి ఆనుకోకుండా, దేన్నీ ముట్టుకోకుండా నిలబడి అడిగింది. "నాలుగేళ్ల కిందట ఏమైంది?"

మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు. "గాలివానకి మూత ఎగిరిపోయింది. కడగడానికి పైకెళితే లోపల ఒకటి తేలుతోంది. ఆఫీసులో చెప్పాను. రాసివ్వమన్నారు. రాసిస్తే, మూత ఊడేదాకా నువ్వేం చేస్తున్నావన్నారు. కొత్త మూత ఇవాళొస్తుంది రేపొస్తుందన్నారు. ఒక్కణ్ణే దిగమన్నారు, తాడు పట్టుకునేవాడు లేకుండా. దిగబోయాను తల్లీ. కాళ్లు రాలేదు. దాని కన్ను నన్నే చూస్తోంది. కిందకొచ్చేశాను. కడగాల్సిన తారీఖు మాత్రం ఆ రోజే. వెయ్యకపోతే అడుగుతారు, వేస్తే ఎవరూ అడగరు. వేశాను. ఒకసారి వేశాక, రెండోసారి చెయ్యి వణకలేదు."

"రాణి ఏడుస్తుందనే కథ?"

"ఎవరూ లోపలికి రాకుండా ఉంటారని... పిల్లలకి నేనే చెప్పాను. వాళ్లే పెంచుకున్నారు."

ఇంతవరకూ ఆమె ఓర్చుకోగలిగింది. భయపడ్డ మనిషిని అర్థం చేసుకోవచ్చు. తనకీ ఆ మెట్ల మీద వెనక్కి దిగిపోవాలనిపించింది. "మరి నన్ను నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకోమన్నావు," అంది.

"నీ ఆరోగ్యం కోసమేగా!" ఆయన మొహం విచ్చుకుంది, ఇన్నాళ్లకి ఒక మంచిపని గుర్తు చేసినట్టు. "నిన్ను ఒక్క చుక్క ముట్టుకోనిచ్చానా?"

"హాస్టల్లో పిల్లల్ని?"

"వాళ్లకేం, బాగానే ఉన్నారుగా. ఎవరైనా చచ్చారా?"

మెట్ల మీద అడుగు కిందికి దిగినప్పటి వెచ్చదనం ఆమెకి మళ్లీ తగిలింది. ఈసారి అరికాలికి కాదు. ఆ చేతులు తనని సైకిలెక్కించిన చేతులు, ఫీజు రసీదు జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టిన చేతులు. ఆయనకి ప్రేమ లేకపోతే బాగుండేది. ప్రేమ ఉంది, సరిగ్గా ఒక సీసాకి పట్టేంత. మూత బిగించి తనకి ఇచ్చాడు.

ఫోను మోగింది. ఇన్‌చార్జి.

"రిపోర్టు పంపావా? హాస్టళ్ల ఆఫీసువాళ్లు అడుగుతున్నారు."

"సార్, నేను కోట దగ్గరున్నాను. ట్యాంకులో పావురం చచ్చి తేలుతోంది."

ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "ఒక్కటేనా?"

"ఎన్నుంటే రిపోర్టు మారుతుంది సార్?"

"అలా పెడసరంగా మాట్లాడకు. సింకు దగ్గర పట్టిన సీసా ఉందిగా? దాని ఫలితం వెయ్యి. సంతకం పెట్టు. సోమవారం పిల్లలు చేరిపోయాక నెమ్మదిగా కడిగిద్దాం. వాళ్లకి కావాల్సింది కాగితమమ్మా, నీళ్లు కాదు. నీ ప్రొబేషను కూడా నా దగ్గరే ఉంది, గుర్తుంది కదా?"

"గుర్తుంది సార్," అని ఫోను పెట్టేసింది.

మావయ్య వింటున్నాడు. లేచి దగ్గరికి వచ్చాడు. "ఆయన మంచి మాటే చెప్పాడు. రేపు నలుగురు కూలీల్ని పెట్టి నేనే కడిగిస్తా, ఒట్టు. ఇవాళ్టికి రాసెయ్. నువ్వు సంతకం పెట్టేది నీళ్లకి కాదు తల్లీ, నా మెడకి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మీ అమ్మకేం చెబుతావు? తమ్ముణ్ణి నేనే రోడ్డున పడేశానని చెబుతావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికా నిన్ను చదివించింది?"

"గాజు గొట్టాలతో పని చెయ్యడానికి చదివించావు," అంది. "చేస్తున్నాను. వాల్వు తిప్పే కడ్డీ ఇవ్వు."

"ఆర్డరు లేకుండా క్యాంపసు నీళ్లు ఆపకూడదు."

"మావయ్యా. కడ్డీ."

ఆయన ఇవ్వలేదు. అటెండరు మూతి తుడుచుకుని, స్నేహితుణ్ణి భుజంతో పక్కకి తోసి, స్టూలు కింద ఉన్న పొడుగాటి ఇనప కడ్డీ తనే తీశాడు. గోడ పక్కన గుంటలో పెద్ద వాల్వు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని తిప్పారు. మొదట కదల్లేదు. తర్వాత ఒక్కో చుట్టు, పళ్లు కొరుకుతున్న చప్పుడుతో.

"నేనూ దొంగనేనమ్మా," అన్నాడు అటెండరు తిప్పుతూ. "ఎక్కడ పట్టినా అవే నీళ్లని నమ్మాను. నా పెళ్లాం ఎన్నిసార్లు అడిగింది, పెద్దాసుపత్రికి చూపించుకోరాదా, ఆ కడుపునొప్పేంటని. వయసు అనుకున్నాను."

నలభై చుట్లకి వాల్వు బిగిసింది. గొట్టంలో పారుతున్న చప్పుడు సన్నబడి, గురకపెట్టి, ఆగింది.

ఆమె సీసాల పెట్టె మీద కాగితం పెట్టింది. నమూనా కుళాయిలో మిగిలిన నీళ్లు, మూతి కాల్చి, పద్ధతి ప్రకారం సీసాలోకి పట్టింది. ఆ ఫలితానికి రెండు రోజులు పడుతుంది. కంటితో చూసినదానికి రెండు రోజులు అక్కర్లేదు. రాసింది: తాగడానికి పనికిరాదు. వంటకి పనికిరాదు. స్నానానికి పనికిరాదు. సరఫరా ఆపివేయడమైనది. ట్యాంకు నాలుగేళ్లుగా శుభ్రం చేయలేదు. గత నివేదికలకు నమూనాలు ఇక్కడ తీసినవి కావు, ల్యాబు ఫిల్టరు దాటాక తీసినవి. ఇన్‌చార్జికి ఈ సంగతి తెలుసు. గత ఆరు నివేదికలు రాసినది నేను. నమూనా ఎక్కడిదని అడగలేదు. తర్వాత వాల్వులు తిప్పే మనిషి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. ఆ ఇంటిపేరు ఆమె తల్లికి పుట్టింటి పేరు. రాస్తుంటే నాలుక మీద ఏదో చేదు ఊరింది. ఉమ్మేయాలనిపించింది, ఉమ్మలేదు.

"నా పేరు రాశావా?" అన్నాడు మావయ్య. ఆయనకి చదవడం నెమ్మది; దగ్గరికి వచ్చి చూడడానికి ధైర్యం చాల్లేదు.

"రాశాను. నా పేరు కింద."

ఆయన జేబులోంచి రుమాలు తీశాడు. "జుట్టులో పడింది తల్లీ," అంటూ చెయ్యి చాపాడు. ఆమె తనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది. గబ్బిలం చేసినదాన్ని భరించగలదు కానీ ఆ రుమాలుని భరించలేదు. చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, మెల్లగా దిగింది.

అంతలో దగ్గరి హాస్టలు వైపు నుంచి నలుగురైదుగురు ఆడపిల్లలు వచ్చారు. ఒకమ్మాయి తలకి షాంపూ నురగ అలాగే ఉంది, మీద తువ్వాలు. ఒకరి చేతిలో బకెట్టు. ఐదేళ్ల కోర్సులో ఆఖరి ఏడు చదివే పొడుగాటి అమ్మాయి చేతిలో సగం నిండిన నీళ్ల సీసా.

"మావయ్యా, నీళ్లు సగంలో ఆగిపోయాయేంటి? దీని నెత్తి చూడు, మేఘం ఎక్కినట్టుంది," అంది ఆ పొడుగమ్మాయి నవ్వుతూ. ఎండగా ఉంది. సీసా మూత తీసి నోటి దగ్గరికి ఎత్తబోయింది.

"పైపు పగిలిందమ్మా," అన్నాడు మావయ్య. ఇరవై రెండేళ్ల అలవాటు. మాట దానంతటదే వచ్చేసింది. "సాయంత్రానికల్లా..."

"తాగకు," అంది కెమిస్టమ్మాయి.

సీసా ఆగింది. పొడుగమ్మాయి ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. మోకాళ్ల దాకా బూడిద రంగు, జుట్టులో అంటుకున్న ముద్ద, ఆ వాసన. నవ్వు పోయింది. "ఏముంది ఇందులో?"

చెప్పింది. ఏదీ తగ్గించలేదు. పావురాలు, రెట్ట, గబ్బిలాలు, అడుగున ఎముకలు. నురగ తలమీదున్న అమ్మాయి తువ్వాలు తీసి, చూసి, కింద పడేసి, రెండు చేతులూ జుట్టుకి దూరంగా పట్టుకుని నిలబడింది. ఆ నురగని ఏం చెయ్యాలో తెలియక.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది పొడుగమ్మాయి.

ఆ ఒక్కటీ కెమిస్టమ్మాయి చెప్పాల్సింది కాదు. ఎవరు చెప్పాలో ఆయన వంక చూసింది. అటెండరూ చూశాడు. మావయ్య స్టూలు దగ్గరికి వెళ్లబోయి, వెళ్లలేక, నేల చూస్తూ అడిగాడు.

"నువ్వు ఎప్పుడు చేరావమ్మా ఇక్కడ?"

"నాలుగేళ్లయింది."

"అప్పటి నుంచే," అన్నాడు.

ఆ అమ్మాయి తన చేతిలో సీసా వంక చూసింది. పారబోద్దామని చుట్టూ చూసింది. ఎక్కడ పారబోయాలో తోచలేదు. చివరికి మూత గట్టిగా బిగించి, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని మోసినట్టు రెండు వేళ్లతో, చెయ్యి బాగా దూరంగా చాపి పట్టుకుని, హాస్టలు వైపు నడవడం మొదలుపెట్టింది.